ఒక్కపూట లెక్కతో కొల్లేరు అర్థమవుతుందా?

జనవరి వస్తే పక్షుల లెక్కల వార్తలు వస్తాయి. కొల్లేట్లో ఇన్ని వేలు, పులికాట్‌లో ఇన్ని వేలు, నిరుటి కంటే పెరిగాయనో తగ్గాయనో చివర ఒక మాట. ఈ వారం కూడా అలాంటిదొకటి చదివాను. పిట్టలు పెరిగాయి కాబట్టి కొల్లేరు కోలుకుందని రాసినాయన తేల్చేశారు. అది చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఒక్కపూట చూసి అంత పెద్ద సరస్సు బాగోగులు ఎలా చెబుతాం?

లెక్కపెట్టినవాళ్లను తప్పుపట్టడం లేదు. ఆసియా నీటిపక్షుల గణన మన ఉపఖండంలో 1987లో మొదలైంది. అప్పటి నుంచి ఏటా జనవరిలో ఔత్సాహికులు సొంత ఖర్చులతో వచ్చి, మంచులో వణుకుతూ ఈ పని చేస్తున్నారు. ఈసారి కొల్లేటి ఒడ్డున ఆటపాకలో నేనూ వాళ్ల వెంట పడవెక్కాను. ముందు పది పిట్టలు ఎంత జాగాలో ఉన్నాయో కంటితో కొలుచుకుంటారు. ఆ కొలతతోనే వందకు, వెయ్యికి వెళతారు. ఒకరు చెబుతుంటే ఒకరు రాసుకుంటారు. గద్ద నీడ పడి గుంపంతా లేచిందా, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఇనుప మంచెల మీద గూళ్లు కట్టిన గూడబాతులను ఎంచడం కాస్త తేలిక. దూరంగా నీళ్ల మీద నల్లటి చాపలా పరుచుకున్న బాతులను ఎంచాలంటే ఏళ్ల సాధన కావాలి. ఆ ఓపికకు దండం పెట్టాలి.

నా బాధ లెక్కతో కాదు, లెక్కపెట్టే రోజుతో. డెల్టా పల్లెల్లో సంక్రాంతి నాడు జనాన్ని లెక్కపెట్టి, ఊరి జనాభా ఇదేనని రాసుకుంటే ఎంత నిజమో ఇదీ అంతే. వలస అంటే రాకపోకలు. పరజల్లో కొన్ని ఆగస్టు ఆఖరుకే దిగుతాయి. బురదలో తిరిగే ఉల్లంకుల్లో చాలా గుంపులు ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇక్కడ నాలుగు రోజులు మేసి ఇంకా దక్షిణానికి సాగిపోతాయి. మళ్లీ మార్చి, ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణం. సంక్రాంతి తర్వాత లెక్కకు వెళ్లినవాళ్లకు ఈ బాటసారులు కనబడరు. పైగా ఆ ఏడు వానలు బాగా పడి చెరువులన్నీ నిండితే పిట్టలు ఎక్కడివక్కడ సర్దుకుంటాయి, కొల్లేటి అంకె తగ్గుతుంది. చుట్టుపక్కల చెరువులు ఎండితే ఉన్న నీళ్ల దగ్గరికే అన్నీ చేరతాయి, అంకె పెరుగుతుంది. అంటే పెరిగిన అంకె కరువుకు గుర్తు కూడా కావచ్చు. ఇది తెలియకుండా బాగుపడిందని రాసేస్తే, నిజంగా చెడిన రోజున మన మాట ఎవరు నమ్ముతారు?

రోజూ లెక్కపెట్టేవాళ్లు లోకంలో లేకపోలేదు. బాల్టిక్ సముద్రానికీ కురోనియన్ కయ్యకూ నడుమ ఇసుకతిన్నె మీద రోసిటెన్ అనే పల్లె ఉంది. జోహన్నెస్ టీనెమన్ 1901లో అక్కడ పక్షి పరిశీలన కేంద్రం పెట్టి, కొంగల కాళ్లకు కడియాలు తొడిగి అవి ఆఫ్రికా దాకా పోయే దారిని తెలుసుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో అది మూతబడింది. ఆ ఊరు జర్మనీ చేతినుంచి సోవియట్ చేతికి పోయి, పేరు కూడా రిబాచీ అయింది. అయినా 1956లో అదేచోట పని మళ్లీ మొదలుపెట్టారు. కెనడాలో ఈరీ సరస్సు ఒడ్డున లాంగ్ పాయింట్ కేంద్రం 1960 నుంచి ఉంది. వసంతంలో, శరత్తులో వలస సాగినన్నాళ్లూ రోజూ అదే దారిలో నడిచి రాసుకుంటారు. వాళ్లకు మనకంటే పెద్ద సరస్సులున్నాయని కాదు. పుస్తకం మూయకుండా రాశారు, అంతే తేడా.

మనం రాసుకోకపోవడం వల్ల ఏం పోయిందో చెబుతాను. 1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షిప్రేమికుడు కొల్లేటి ప్రాంతంలో, తాడేపల్లిగూడెం దగ్గర ఆరేడు అనే ఊళ్లో గూడబాతుల పెద్ద కాలనీని కనిపెట్టాడు. అప్పుడక్కడ ఇంచుమించు 3,000 పక్షులు గూళ్లు కట్టాయి. ఆ కాలనీ పూర్తిగా అంతరించింది. ఎప్పుడంటే, 1975 ప్రాంతంలో అంటారు. కనుగొన్న ఏడాది కచ్చితంగా తెలుసు, పోయినదానికి మాత్రం 'ప్రాంతం'. ఏటేటా ఒకరు వెళ్లి గూళ్లు ఎంచి ఉంటే, తగ్గడం మొదలైన ఏడే తెలిసేది. అప్పుడు కాపాడుకునే దారి ఉండేదేమో. ఇది గుర్తొచ్చినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

ఇక లెక్క కాగితం దగ్గరికి వస్తాను. ఆటపాక పడవలో నా చేతికిచ్చిన కాగితంలో ఇంగ్లిష్ పేరు, దాని పక్కన లాటిన్ పేరు. తెలుగు గడి లేదు. పడవ నడిపే పెద్దాయన రెల్లు దాపున ఉన్న బాతును చూపించి, "అది చిలువండీ. రాత్రేళ ఈలేసుకుంటా పోద్ది" అన్నారు. కాగితంలో అది లెస్సర్ విజిలింగ్ డక్. ఈల వేస్తుందన్న సంగతి ఆ పేరులోనే ఉంది. ఆ పేరు చదవకుండానే ఆయనకు పిట్ట తెలుసు, దాని కూత తెలుసు, అది తిరిగే వేళ తెలుసు. అయినా ఆ కాగితం నింపే అర్హత ఆయనకు లేదట! నీటికాకి, బుడబుంగ, నామాలకోడి, నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ల కొంగ, పరజ, ఉల్లంకి... వీటిలో ఒక్కటీ ఆ కాగితానికి ఎక్కలేదు. మన పాత నిఘంటువులూ ఈ పాపంలో భాగస్వాములే. పిట్ట పేరు కోసం వెతికితే చాలాచోట్ల 'పక్షివిశేషము' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఏ పక్షి? ఏ విశేషం? పండితులు చెరువుగట్టుకు వెళ్లలేదు, చెరువుగట్టున ఉన్నవాళ్లను అడగనూ లేదు. ఇప్పుడు బడులు అంతకంటే అన్యాయంగా ఉన్నాయి. ఓ ఫర్ ఆస్ట్రిచ్, పి ఫర్ పెంగ్విన్ అని కొల్లేటి లంకల పిల్లలూ వల్లిస్తున్నారు. మా పడవలోనే ఉన్న పదేళ్ల పిల్లవాడు నత్తగుల్ల కొంగను చూసి 'వైట్ బర్డ్' అన్నాడు. వాడిది తప్పు కాదు. పేరు చెప్పనిది మనం. పేరు లేని పిట్ట రేపు రాకపోతే, రాలేదని కూడా వాడికి తెలియదు.

సరస్సుల పేరిట పండగలు చేస్తున్నాం. పులికాట్ దగ్గర సూళ్లూరుపేటలో 2001లో ఫ్లెమింగో పండగ మొదలైంది. పండగ వద్దనను, పిల్లలు రావాలి, చూడాలి. మూడు రోజుల వేదికకు, విద్యుద్దీపాలకు పెట్టే ఖర్చులో కొంత ఏడాది పొడవునా లెక్క రాసే నలుగురి జీతానికి ఇవ్వమంటున్నాను. ఆ నలుగురూ లంక గ్రామాల్లో చేపలు పట్టి బతికే వడ్డివాళ్లు కావాలి. నీటిమట్టం, చేప రాక, పిట్ట రాక తరతరాలుగా చూస్తున్నవాళ్లు వాళ్లే. దుర్భిణి, నోటు పుస్తకం ఇచ్చి నెల తిరిగేసరికి జీతం ఇస్తే చాలు.

ఈ లెక్క పిట్టల మీద ముచ్చట కోసమే కాదు. 1999లో కొల్లేట్లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006లో అభయారణ్యం లోపల తవ్విన చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. రెండేళ్లు తిరక్కుండానే, 2008లో, సరస్సును మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదించవద్దని చెప్పింది. ఆ వాదన మళ్లీ లేస్తుంది, లేస్తూనే ఉంది. మూడుకూ అయిదుకూ నడుమనున్న పల్లపు నేలలో ఏ నెలలో ఏ పిట్ట మేస్తుందో వారం వారం రాసిన పుస్తకం మన చేతిలో ఉండాలి. అది లేకుండా ఒక్క జనవరి అంకె పట్టుకుని వెళితే ఓడిపోతాం.

ప్రభుత్వం పక్షి పరిశీలన కేంద్రం పెట్టేదాకా ఆగనక్కర్లేదు. కొల్లేటి లంకల్లో, పులికాట్ ఒడ్డున, పిట్టలు దిగే తేలినీలాపురంలో, ఉప్పలపాడులో ఉన్న ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. వచ్చే ఆగస్టులో మీ చెరువులో తొలి పరజ దిగిన రోజున ఆ తేదీ, మీ ఊరివాళ్లు దాన్ని పిలిచే పేరు బడి పుస్తకంలో పిల్లల చేత రాయించండి. మరుసటి వారం మళ్లీ రాయించండి.