ఉచిత పేజీకీ ఖర్చుంటుంది

ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి జావాస్క్రిప్ట్‌లో ఏదో మెథడ్ గుర్తురాక ఎండీఎన్ తెరుస్తారు. చూసుకుని మూసేస్తారు. అది రాసినవాళ్లకి జీతం ఎవరిస్తున్నారని ఎప్పుడైనా ఆలోచించారా?

2005లో దాన్ని మొదలుపెట్టింది మొజిల్లా. 2020 ఆగస్టులో ఆ సంస్థ దాదాపు 250 మందిని తీసేసినప్పుడు వారిలో ఎండీఎన్ రచయితలూ ఉన్నారు. బ్రౌజర్లేమో మారుతూనే ఉంటాయి. రాసేవాళ్లు లేకపోతే పేజీ పాతబడుతుంది, దాన్ని నమ్మి రాసిన కోడ్ మీ ప్రాజెక్టులోనే మొరాయిస్తుంది. 2021లో విరాళాలతో నడిచే ఓపెన్ వెబ్ డాక్స్ వచ్చి, రచయితలకు డబ్బిచ్చి అవే పేజీలు రాయించడం మొదలుపెట్టింది. 2022లో మొజిల్లా ‘ఎండీఎన్ ప్లస్’ తెచ్చింది. అప్పట్లో ధర నెలకు 5 డాలర్లు. అదీ ఆఫ్‌లైన్‌లో చదువుకోవడం వంటి అదనపు సదుపాయాలకే. అసలు సమాచారం మాత్రం అందరికీ ఫ్రీ. గీత గీయాల్సింది సరిగ్గా అక్కడే. సమాచారానికే తాళం వేస్తే ముందుగా నష్టపోయేది ఇంకా జీతం అందుకోని మీలాంటివాళ్లే.

మిమ్మల్ని డాలర్లు ఇమ్మనడం లేదు, హాస్టల్ ఫీజే బాకీ ఉండొచ్చు! ఆ పేజీల మూలం గిట్‌హబ్‌లో ఉంది. తప్పు కనిపిస్తే సరిచేసి పుల్ రిక్వెస్ట్ పంపండి. ఒప్పుకుంటే మీ పేరు మీదే నమోదవుతుంది, ఆ లింకు రెజ్యూమెలో పెట్టుకోవచ్చు. మొదటి జీతంలోంచి ఓ వంద రూపాయల సంగతి అప్పుడు చూద్దురుగానీ.