కొలబద్ద యెవరిచేత నుండవలెను?

కల్తీనేతిని మన యిల్లాండ్రు వాసనచేతనే పట్టుకొందురు. చవుటినీటి సంగతి నాలుక చెప్పును. పుచ్చిన ధాన్యమును కన్ను కనిపెట్టును. రేడియోధార్మిక పదార్థములకు మాత్రము రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. ఇంద్రియములన్నియు మూగవోయిన చోట మనుష్యునకు మిగులు సాక్షి యొక్కటియే, అది కొలత. ఆ సాక్షి యెవరి పక్షమున బోనెక్కును, ఎవరి యెదుట వాంగ్మూలమిచ్చును అనునది శాస్త్రజ్ఞుల సొంతగొడవ గాదు. అది ప్రజల హక్కునకు సంబంధించిన ప్రశ్న.

ఆ పేరు వినగానే బెదరుట తగదు. సెకండునకు ఒక్క పరమాణువు విచ్ఛిన్నమగుచో దానిని ఒక బెక్వెరెల్ అందురు. పెరిగిన మనుష్యుని దేహమున సహజముగా నుండు పొటాసియము-40 వలననే సుమారు 4,000 బెక్వెరెళ్లు ఎల్లప్పుడు నుండును. కావున ఉన్నదా, లేదా యనునది ప్రశ్న కానేరదు. ఏ పదార్థము, ఎంత, ఏ దారిని లోపల జొచ్చినది? ఇవియే ప్రశ్నలు. కొలత లేనిచోట భయమును గాలిమాటయే, భరోసాయు గాలిమాటయే.

అమెరికాలో అణ్వస్త్రపరీక్షలు బయలున జరుగుచున్న కాలమున స్ట్రాన్షియము-90 అను పదార్థము గాలితో వచ్చి గడ్డిపై బడెను, ఆవుపాలలో చేరెను, కాల్షియమును బోలిన గుణముగలదగుటచే బిడ్డల యెముకలలో స్థిరపడెను. అధికారులు భయము లేదనుచుండిరి. 1958లో సెయింట్ లూయిస్ నగరమున శాస్త్రజ్ఞులును, వైద్యులును, గృహిణులును గూడి బిడ్డలకు ఊడిన పాలదంతములను సేకరింప మొదలిడిరి. డాక్టర్ లూయీజ్ రైస్ అను వైద్యురాలు ఆ పనికి నాయకత్వము వహించెను. కొన్నియేండ్లలో మూడు లక్షలకు మించిన దంతములు చేరినవి. పరీక్షలు హెచ్చినకొలది, పిమ్మట పుట్టిన బిడ్డల దంతములలో ఆ పదార్థము హెచ్చుచు వచ్చినట్లు తేలెను. 1963లో బహిరంగ పరీక్షలను నిషేధించు ఒడంబడిక కుదిరెను. దంతములే దానిని కుదిర్చినవని మేమనము. తల్లుల యనుమానమునకు అంకెల బలము వచ్చినదని మాత్రము చెప్పగలము.

జపానువారి యనుభవము మరియొక పాఠము. 2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదము జరిగెను. ఆ యక్టోబరులో ఆ ప్రాంతపు గవర్నరు కొత్తబియ్యము నిరపాయకరమని ప్రకటించెను. నవంబరులోనే కిలోగ్రామునకు 500 బెక్వెరెళ్లను నాటి హద్దును మించిన బియ్యము బయటపడెను. అక్కడక్కడ గుప్పెడు తీసి చూచినందున వచ్చిన ముప్పిది. మరుసటి యేట హద్దును 100కు దించి, ఫుకుషిమాలో పండిన ప్రతి బస్తాను కొలిచిరి. సాలునకు సుమారు కోటి బస్తాలు! తొలియేట 71 బస్తాలు హద్దు దాటెను. 2015 పంటలో ఒక్కటియు దాటలేదు. గవర్నరు మాటవలన రాని నమ్మకము బస్తామీది చీటివలన వచ్చెను.

ఇక మన యింటి సంగతి. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియము కర్మాగారము 2012లో పని మొదలిడెను. బోరునీరు చెడినదనియు, అరటితోటలు దెబ్బతినినవనియు చుట్టుపట్ల రైతులు మొరపెట్టుకొనిరి. తమవలన గాదని యాజమాన్యము చెప్పెను. ఈ వివాదమున మేము తీర్పు చెప్పబూనము. సాక్ష్యమెట్లుండవలెనో మాత్రము చెప్పుదుము.

గీగరు యంత్రమును బావిగట్టున నుంచి, "మోత లేదు, నీరు మంచిది" యనుట సాక్ష్యము గాదు. యురేనియము వెలువరించు ఆల్ఫాకిరణములను పలుచని కాగితమైనను ఆపును; నీరే వానిని దాచివేయును. ఆ నీటిని ప్రయోగశాలకు బంపి లీటరున కెన్ని మైక్రోగ్రాములున్నదో తేల్చవలెను. మనుష్యుని మూత్రమును పరీక్షింపవలెను. ఏలయన త్రాగునీటి యురేనియము వలని హాని ముఖ్యముగా మూత్రపిండములకే, అదియు కిరణములకంటె రసాయనగుణముచేతనే. దీనికి ప్రపంచ ఆరోగ్యసంస్థ 30 మైక్రోగ్రాముల హద్దు సూచించెను. మన అణుశక్తి నియంత్రణ మండలి 60 అనెను. భారతీయ ప్రమాణముల సంస్థ 2021లో 30 అనెను. లీటరునకు 45 గల నీరు ఒక పట్టికలో మంచిది, మరియొక పట్టికలో చెడ్డది. త్రాగువాని మూత్రపిండములు రెండు పట్టికలను చదువవు గదా!

ఆ నేలలో యురేనియము సహజముగనే కలదని కొందరందురు. నిజమే. అందుచేతనే త్రవ్వకమునకు పూర్వపు లెక్కయు, నేటి లెక్కయు ప్రక్కప్రక్కన జూపుట అవసరము. గని త్రవ్వు సంస్థయు, దాని పరిసరములను కొలుచు ప్రయోగశాలయు ఒకే అణుశక్తిశాఖ నీడలోనివి. ఆ శాస్త్రజ్ఞుల నిజాయితీని మేము శంకింపము. తన వ్యాజ్యమునకు తానే న్యాయాధిపతి గారాదను సూత్రము దుర్మార్గుల కొరకు మాత్రమే పుట్టలేదు. సన్మార్గుల తీర్పును లోకము నమ్మవలెనన్నను అది కావలయును.

2006 నాటి ఆహారభద్రతా చట్టము ప్రకారము అధికారి నేతినమూనాను నాలుగు భాగములు చేసి ముద్రవేయును. అమ్మువాడు కోరినచో ఒక భాగమును తన ఖర్చున వేరొక గుర్తింపుగల ప్రయోగశాలకు బంపించుకొనవచ్చును. నేయి అమ్మువానికి గల యీ రక్షణ నీరు త్రాగువాని కేల యుండరాదు? పంచాయతీ సభ్యుల యెదుట నీటిని పట్టవలెను. ముద్రవేసి, ఒక భాగమును ఆ శాఖకు సంబంధము లేని ప్రయోగశాలకు బంపవలెను. ఫలితమును, హద్దును, పూర్వపు లెక్కను తెలుగున వ్రాసి పంచాయతీ గోడకు అంటింపవలెను.

అంకెలు బయటపెట్టిన జనము బెదరుదురని వాదించువారు కలరు. జనమును బెదరించునది అంకె గాదు, అంకెను దాచుట. ఈ పని ప్రభుత్వము చేయువరకు చేతులు కట్టుకొని కూర్చుండ నక్కరలేదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము మనకు గలదు. పట్టణములలోని పఠనమందిరములకు వచ్చు విద్యావంతులు ఆ పల్లెలవారికి అర్జీ వ్రాసిపెట్టుడు; వచ్చిన జవాబును చదివి చెప్పుడు. తన బావి లెక్క తాను చదువలేని చోట స్వరాజ్యమింకను గడప యవతలనే నిలిచియున్నదని మా యభిప్రాయము.