లిపికి వయోపరిమితి లేదు

పిన్నల కొరకు వ్రాసిన నవలను పెద్దలు చేతబట్టడం హాస్యాస్పదమన్న అభిప్రాయం మన భాషాసంఘాలలో కూడా వేళ్లూనుకొని ఉన్నది. "నలభై దాటిన వకీలుకు మాంత్రికుల కథలా?" అని ఒక భాషాభిమాని నన్ను సూటిగానే అడిగారు. ఆ ప్రశ్నకు ఈ పుటలలో సమాధానం చెప్పడం నా విధి.

నేను చదువుతున్నది దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’. 1954లో ‘చందమామ’లో ధారావాహికగా వెలువడిన నవల. ఆ ‘చందమామ’ 1947 జూలైలో మదరాసులో పుట్టిన పత్రిక. అనగా ఇది పొరుగు రాష్ట్రపు తెలుగువారికి ఎవరో దయతో పంపిన సొత్తు కాదు, మన గడ్డపైనే పుట్టిన ఆస్తి.

హోసూరు, బళ్లారి, కోలారు, రాయగడ ప్రాంతాలలో ఇంట తెలుగు మాట్లాడుతూ, బడిలో వేరొక భాష చదివి పెరిగిన పెద్దలు ఎందరు లేరు? వారికి తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. అట్టివారి చేతిలో ప్రబంధమో, సంపాదకీయాల సంపుటమో పెడితే రెండవ పుటకే మూసివేస్తారు. పైగా ఆ నేరం వారిదేనని మనం తీర్పు చెబుతాము! ఇది ఏమి న్యాయం?

సేనాని సమరసేనుడు ఓడలపై వెళ్లి మంత్రాల దీవిలో చిక్కుకొంటాడు. ఒకవైపు ఏకాక్షి, మరొకవైపు చతుర్నేత్రుడు. వాక్యాలు చిన్నవి. ప్రతి భాగమూ ఏదో ఒక ఆపదవద్ద ఆగుతుంది. తరువాత ఏమైనదో తెలియాలన్న ఆతురత వల్ల, తడబడిన ఒత్తును కూడా కన్ను దాటిపోతుంది. వాచకం చేయలేని పని కథ చేస్తుంది. ఇక పరాయి దీవిలో ఇద్దరు బలవంతుల నడుమ నిలిచిన కొద్దిమంది అవస్థ పన్నెండేళ్ల బాలునికి సాహసగాథ. అల్పసంఖ్యాకుల పక్షాన వాదించేవానికి అది అంతకంటె ఎక్కువ.

చట్టం సంగతి చూడండి. 1956లో చేరిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలోని పిల్లలను గురించే చెబుతుంది. తమిళనాడు 2006 చట్టం ఒకటవ తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున, పదవ తరగతి వరకు తమిళాన్ని నిర్బంధం చేసింది. తమిళం నేర్వడానికి మనకు అభ్యంతరం లేదు. తెలుగుకు తగినంత చోటు లేకపోవడమే మన అభ్యంతరం. అయితే బడి వయసు దాటినవారి మాటేమిటి? రాజ్యాంగం 29(1) అధికరణం పౌరులలోని ఏ వర్గానికైనా తన భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొనే హక్కు ఇచ్చింది. లిపి అన్న మాట అందులో స్పష్టంగా ఉన్నది. వయసు అన్న మాట ఎక్కడా లేదు. రాజ్యాంగం పెట్టని హద్దును మన వెక్కిరింత పెట్టడం తగునా?

కనుక సంఘాల గ్రంథాలయాలలో శతకాల పక్కనే ఈ నవలలకూ స్థానమివ్వండి. బాలల అర అని వేరుచేయకండి. చదవడం రాని అక్కకు, బావకు, వియ్యంకునికి మొదటి పుస్తకంగా ఇవ్వండి. తల్లిదండ్రుల చేతిలో ఎన్నడూ చూడని తెలుగు పుస్తకాన్ని బిడ్డలు తమంతట తాము తెరుస్తారనుకొనడం భ్రమ. బడికోసం కోర్టులో పోరాటం సాగుతూనే ఉండాలి. ఇంట్లో చదువుకు మాత్రం ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు.