మర్దనకూ చదువు కావాలి

మర్దన చేసే చేతికి బలం ఒక్కటే చాలదు. కాలి సిరలో రక్తం గడ్డకట్టిన మనిషికి పిక్క గట్టిగా పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి రావచ్చు. ఎక్కడ నొక్కకూడదో తెలియడమే అసలు శిక్షణ. జపాన్ ఈ వృత్తికి 1947లోనే చట్టం తెచ్చింది. ఇప్పుడక్కడ లైసెన్సుకు కనీసం మూడేళ్ల చదువు, జాతీయ పరీక్ష తప్పనిసరి.

ఇంత చదువు పెడితే పేదల ఉపాధి పోతుందన్న అభ్యంతరం కొట్టిపారేయదగింది కాదు. కానీ జపాన్‌లో ఈ విద్యను అంధుల పాఠశాలల్లోనూ నేర్పుతున్నారు. చూపులేని ఎందరికో అది జీవనాధారం. అంటే చదువే అడ్డంకి కాదు; అడ్డంకి ఉంటే అది దాని ఖర్చే. మన దగ్గర స్పాలపై పోలీసు దాడులే వార్తలవుతున్నాయి తప్ప, అక్కడ పనిచేసేవారి శిక్షణ చర్చకు రావడం లేదు. ప్రభుత్వాలు ఉపకార వేతనంతో కోర్సులు పెట్టి, అనుభవజ్ఞులకు నేరుగా పరీక్ష రాసే వీలివ్వాలి. లైసెన్సు అడిగే హక్కు ఆ తర్వాతే వస్తుంది.