విజ్ఞాన విశేషములు: ఉద్దానము పిల్ల

ఈ మాసము మాకు వచ్చిన జాబులలో నొకటి మమ్ము మిక్కిలి కలతపెట్టినది. విజయనగరమునకు దాపుననున్న యొక గ్రామమునుండి ఒక సోదరి వ్రాసినది. ఆమె కుమారునకు కవిటి మండలమునుండి యొక సంబంధము వచ్చినదట. పిల్ల చదువుకొన్నది, నెమ్మదస్తురాలు, జాతకములు కుదిరినవి, పెట్టుపోతల పేచీ లేదు. కాని పిల్ల తండ్రి మూత్రపిండముల జబ్బుతో గతించెననియు, పెదతండ్రి డయాలిసిస్ చేయించుకొనుచున్నాడనియు తెలియవచ్చుటతో ఇంటి పెద్దలు "ఉద్దానము పిల్ల మనకు వలదు" అని తేల్చివేసిరట. "మీరు శాస్త్రజ్ఞులు క్రొత్తగా కనుగొన్న సంగతులు వ్రాయుచుందురు గదా, ఈ విషయమున శాస్త్రమేమనుచున్నదో చెప్పుడు" అని ఆమె యడిగినది. ఈ నెలకై మేము సిద్ధపఱచుకొన్న సంగతులు వేఱు. వానిని ప్రక్కకు బెట్టి ఈ జాబునకే జవాబు వ్రాయుచున్నాము.

ఉద్దానము నెఱుగని పాఠకురాండ్రకై రెండు మాటలు. శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొనను ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో వ్యాపించియున్న తోటల సీమ యది. ఉద్యానవన మను మాటయే ఉద్దానమైనదని పెద్దలందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస అచ్చటి సిరులు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను ఆ తోటలను నేలగూల్చినపుడు, బిడ్డలను బోగొట్టుకొన్నట్లు తల్లులు చెట్ల మొదళ్లకడ కూర్చుండి యేడ్చిరి. అంతటి పచ్చని చోట, చక్కెరవ్యాధి గాని రక్తపుపోటు గాని లేని కష్టజీవులకు నడివయస్సుననే మూత్రపిండములు చెడుచున్నవి. ఈ సంగతి వైద్యుల కంటబడి ముప్పది యేండ్లు దాటినది. పర్వతముపై పొగ గనబడిన నిప్పు గలదని తార్కికులు చెప్పుదురు. ఉద్దానమున పొగ నందఱును చూచుచునే యున్నారు. నిప్పెచ్చటనో యింకను పట్టుబడలేదు. ఇట్టి జబ్బే సింహళద్వీపమున ఉత్తరమధ్య సీమలోని వరిరైతులకును, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశములలో చెఱకు కోయు కూలివారికిని పట్టుకొన్నది.

2019లో ప్రకటితమైన యొక పరిశోధనలో వైద్యులు ఉద్దానమున 2,210 మందిని పరీక్షించిరి. నూటికి సుమారు 18 మందిలో మూత్రపిండముల జబ్బు కనబడినది. ఆ జబ్బుపడినవారిలో నలుగురికి ముగ్గురు చొప్పున, తెలిసిన కారణమేదియు లేనివారే.

లక్షలమంది నివసించు సీమలో రెండువేల చిల్లర జనమును చూచి ఇంత మాట యెట్లనవచ్చునని మీరడుగవచ్చును. అన్నము వార్చుటకుముందు మనము కుండెడు మెతుకులను పట్టిచూతుమా? రెండు మూడు మెతుకులు నలిపి చూచి దించుకొందుము. అయితే అడుగునను మీదను సమముగా కలియబెట్టినపుడే యా మెతుకు నిజము చెప్పును. గణితజ్ఞులును ఇట్లే ఊరూరను, వీధివీధినను ముఖము చూడక, చీటి వేసినట్లుగా మనుష్యులను ఎన్నుకొందురు. ఎన్ని మెతుకులు పట్టిన ఎంత నిశ్చయము కలుగును? ఎంతటి నేర్పరి లెక్క వేసినను దాటజాలని హద్దొకటి కలదా? కలదని 1945లో నిరూపించినవారు మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. అప్పటికి వారి ప్రాయము ఇరువదియైదేండ్లకు మించదు. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, కలకత్తాకు పోయి సంఖ్యాశాస్త్రమున తేలినవారు. ఆ హద్దునకు నేడును లోకమంతటను క్రామర్–రావు నియమమని పేరు. తప్పును సగమునకు తగ్గింపవలెనన్న రెట్టింపు మందిని చూచిన చాలదు, నాలుగు రెట్లమందిని చూడవలెను. 2023లో, నూట రెండవ యేట, వారికి సంఖ్యాశాస్త్రమున అంతర్జాతీయ బహుమానము ప్రకటింపబడినది; ఆ సంవత్సరము ఆగస్టు 22వ తేదీననే అమెరికాలో పరమపదించిరి. వారి తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినమును తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనెదీపము వెలిగించి కుమారుని చదువునకు కూర్చుండబెట్టెడివారట. ఈ మాట రావుగారే తమ గ్రంథమొకదానిని తల్లికి అంకితమిచ్చుచు వ్రాసికొనినారు. ఆ దీపపు సంగతి చదివినది మొదలు మాకు ఆ నియమమనిన ఒక చుట్టఱికము.

ఇక జబ్బు శరీరములో నెచ్చట మొదలగునో చూతము. మన మూత్రపిండము పిడికిలియంతటిది. అందు సుమారు పదిలక్షల సన్నని వడపోతలు కలవు. ఒక్కొక్క వడపోతకు తలయందొక జల్లెడయు, దాని వెనుక మెలికలు తిరిగిన యొక కాలువయు నుండును. రెండు మూత్రపిండములును కలిసి దినమునకు 180 లీటర్ల ద్రవమును జల్లెడలద్వారా వడగట్టును; కాలువలు అందులో ఒకటిన్నర, రెండు లీటర్లు తప్ప తక్కినదంతయు మరల రక్తములోనికి చేర్చును. చక్కెరవ్యాధివారికి మొట్టమొదట జల్లెడ చినుగును. అందుచేత మూత్రమున మాంసకృత్తులు పోయి నురుగు కట్టును, మనకు ముందుగా తెలియును. ఉద్దానపు రోగుల మూత్రపిండమునుండి తునుక తీసి సూక్ష్మదర్శినిలో చూడగా, జల్లెడకంటె ముందుగా కాలువలును వాని చుట్టునున్న కండయు మచ్చలుగట్టి ఎండినట్లు కనబడినది. కావున నురుగుండదు, నొప్పియుండదు, వాపు చివరకు గాని రాదు. ఇంకొక చిక్కేమనగా, పుట్టిన పిమ్మట క్రొత్త వడపోతలు మొలవవు. పోయినవి పోయినవే, మిగిలినవి మాటాడక ఆ పనినికూడ నెత్తిన వేసికొనును. సగము పనిబలము నశించువఱకును రోగికి ఏమియు తెలియకపోవుట ఇందువలననే. మన యిండ్లలో గృహిణులు చేయునదియు నిదే గదా.

కాలువలు ఎండుటకు కారణమేమని యోచించినవారిలో కొందఱు ఎండను అనుమానించిరి. ఇచ్చట భౌతికశాస్త్రము తోడుపడినది. వేసవిలో కూజానీరు చల్లబడుట యెందువలన? పైకి ఊరిన నీరు ఆవిరియగుచు లోపలి వేడిమిని పట్టుకొనిపోవుటవలన. మన దేహమును అట్టి కూజాయే. ఒక లీటరు చెమట ఆవిరియైన సుమారు 580 కిలోకెలోరీల వేడిమి తొలగును. కాని సముద్రతీరమున గాలి తేమతో నిండియుండుటచే చెమట కాఱునేగాని ఆఱదు; నీరు పోవును, వేడిమి పోదు. ఉష్ణమాపకమునకు తడిగుడ్డ చుట్టి చూచిన వచ్చు వేడిమి 35 డిగ్రీలు దాటిన మనుష్యుడు నిలువజాలడని 2010లో శాస్త్రజ్ఞులు లెక్కవేసిరి. 2022లో పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు ఆరోగ్యవంతులగు యువకులనే గదిలో నుంచి పరీక్షింపగా, తేమగల గాలిలో 31 డిగ్రీల దగ్గఱనే దేహపు వేడిమి అదుపు తప్పినది. ఇట్టి గాలిలో జీడితోటయందు దినమంతయు వంగి పనిచేయుచు, చాలినంత నీరు త్రాగని వారి మూత్రపిండములు ప్రతిదినమును కొంచెము కొంచెముగా వాడునని ఊహ. నికరాగువాలో చెఱకు కోయువారికి పనిచోటనే నీరును, నీడయును, నడుమనడుమ విశ్రాంతియు నేర్పఱచిన పిమ్మట ఈ హాని తగ్గినదని పరిశోధకులు వ్రాసిరి. అదియే మొత్తము కారణమనుటకు వీలులేదు. సింహళమున ఎండకంటె నీటిమీదను, పురుగుమందులమీదను అనుమానము హెచ్చు. ఉద్దానపు నూతినీటిలో బరువులోహములు, సిలికా మొదలగువానిని వెదకిరి. ఏ ఒక్కటియు దోషియని ఇంతవఱకు రుజువు కాలేదు. రుజువునకు కాచుకొని కూర్చుండక, హిరమండలము జలాశయమునుండి గొట్టములద్వారా నదీజలము నిచ్చు పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనా కేంద్రమును 2023 డిసెంబరు 14న ప్రారంభించిరి. ఇది మాకు వివేకముగనే తోచుచున్నది. దొంగ యెవరో తేలువఱకు తలుపు తెఱచి యుంచువారు లేరు గదా.

ఇక సోదరి ప్రశ్న. ఈ జబ్బు అంటువ్యాధి కాదు. కంచము కలిపి తినినను, ఒక్క పడకన పరుండినను ఒకరినుండి యొకరికి రాదు. ఇందు సందేహమేమియు లేదు. వంశమునుబట్టి వచ్చునా యనినచో, ఒకే యింట ఇద్దఱు ముగ్గురు జబ్బుపడుట నిజమే. అయితే వారు ఒక్క నూతి నీరు త్రాగిరి, ఒక్క తోటలో పనిచేసిరి, ఒక్క యెండలో మాడిరి. రక్తసంబంధము దోషమో, నూతి సంబంధము దోషమో విడదీసి చెప్పుటకు తగిన రుజువు లేదు. తండ్రి పోయినంతమాత్రమున బిడ్డకు వచ్చునని ఏ శాస్త్రజ్ఞుడును చెప్పలేదు. కావున "ఉద్దానము పిల్ల వలదు" అనుట శాస్త్రము కాదు, భయము.

పరీక్ష కావలెనన్న ఉన్నది. రక్తములో క్రియాటినిన్ అను పదార్థమెంత యున్నదో చూచి, వయస్సునుబట్టియు, స్త్రీయో పురుషుడో దానినిబట్టియు వడపోత వేగమును లెక్కగట్టుదురు. ఆ లెక్క మూడు మాసములపాటు 60కి తక్కువగ నున్న జబ్బని నిర్ణయము. ఉత్త క్రియాటినిన్ అంకెను చూచి సంతోషింపరాదు. కండ తక్కువగల బక్కపలుచని స్త్రీలకు, మూత్రపిండము కొంత చెడినను, ఆ అంకె బాగున్నట్లే కనబడును. అందువలన వడపోత వేగమును అడిగి వ్రాయించుకొనవలెను.

ఈ సందర్భమున మా యింటికి ఏటేట జీడిపప్పు తెచ్చి యిచ్చు పలాసవైపు అమ్మ జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆమె పెనిమిటి వారమునకు రెండు మారులు డయాలిసిస్‌కు పోవును. తానును చూపించుకొన్నదా యని మేమడుగగా, "నాకేటైంది తల్లీ, ఆయనే గదా జబ్బు మనిసి" అన్నది. నడుము నొప్పికి అంగడిలో దొరకు మాత్రలు మూడేండ్లుగా మ్రింగుచున్నదని మాటలలో తెలిసినది. నొప్పిమాత్రలలో పెక్కు, తఱచుగా వాడిన, మూత్రపిండములకు హానిచేయునని వైద్యశాస్త్రమున స్థిరపడిన సంగతి. ఉద్దానమున వానిని వైద్యుని యడుగక మ్రింగుట మఱింత ప్రమాదము. పనిచోట మఱుగు లేదని ఉదయమునుండి సాయంకాలమువఱకు నీరు త్రాగదట. మగవారిని ఆసుపత్రికి నడిపించుకొనిపోవు ఆడువారు, అక్కడనే నిలిచి తమ చేయి చాచి రెండు చుక్కల రక్తమిచ్చుటకు ఏల సంకోచింతురో మాకు తెలియదు. ఆమెను చాల బ్రతిమాలి పంపితిమి. మఱుసటి నెల వచ్చి కాగితము చూపినది. వడపోత వేగము 71. మాస్టరుగారు దానిని రెండు మారులు చదివి వినిపింపగా, కొంగున ముడివేసికొని పోయినది. మాత్రలు మానివేసినదో లేదో పప్పు తెచ్చునపుడు అడుగవలెను.

జాబు వ్రాసిన సోదరికి ఈ సంగతులన్నియు ముందుగనే వ్రాసి పంపితిమి. పిల్లకు పరీక్ష చేయించి పిమ్మట మాటాడుదమని వారి పెద్దలు అన్నారట. అట్లయిన పిల్లవానికిని చేయింపుడు, రెండు కాగితములును తాంబూలమువలె ఇచ్చిపుచ్చుకొనుడు అని మేము మరల వ్రాసితిమి. దానికి పెద్దలు కోపించిరట గాని, పిల్లవాడు మాత్రము ఎవరికిని చెప్పక పోయి చేయించుకొని వచ్చినాడని మొన్న జాబు వచ్చినది.