ఆల్చిప్పకు ఏరియేటర్ ఎవరు పెడతారు?

మా నస్రుల్లాబాద్‌లో ఆల్చిప్పల గురించి మాట్లాడితే "సముద్రం ఎక్కడ, మనం ఎక్కడ" అంటారు. నాకైతే అంత దూరం అనిపించదు. బాన్సువాడ వైపు పొలాల నీళ్లు మంజీరలోకి పోతాయి. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. కింద గౌతమి పాయ నీళ్లు కొన్ని కోరంగి మీదుగా కాకినాడ అఖాతంలో పడతాయి.

ఆ అఖాతం బురదలో బ్లడ్ క్లామ్ అనే ఆల్చిప్ప బతుకుతుంది. దాని నెత్తురు మనలాగే ఎరుపు, హిమోగ్లోబిన్ ఉంటుంది. చాలా ఆల్చిప్పలకు అది ఉండదు. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతే ఆల్చిప్పలు తలుపులు మూసుకుంటాయి. లోపల ఆక్సిజన్ లేకుండానే శక్తి తయారు చేసుకుంటాయి. అప్పుడు ఆమ్లం పేరుకుంటుంది. దాన్ని తట్టుకోవడానికి సొంత చిప్పలోని సున్నాన్నే కొంచెం కొంచెం కరిగించుకుంటాయి. బియ్యం అయిపోతే ఇంటి గోడలు గీకి తిన్నట్టు!

ఇట్ల కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. కానీ నీళ్లు వేడెక్కితే లెక్క మారుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు సముద్రపు నీరు దాదాపు 7.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు, 30 డిగ్రీల దగ్గర 6.2 మాత్రమే. అదే వేడికి ఆల్చిప్ప ఒంట్లో ఖర్చు పెరుగుతుంది. అంటే దొరికేది తక్కువ, కావాల్సింది ఎక్కువ. ఊపిరి బిగబట్టే గడువు తగ్గిపోతుంది.

భీమవరం రొయ్యల చెరువుల్లో రాత్రిపూట ఏరియేటర్లు తిరుగుతాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే పంట పోతుందని రైతుకు తెలుసు. రొయ్యకు రేటుంది, కాబట్టి కాపలా ఉంది. బురదలో ఉన్న ఆల్చిప్పకు ఎవరున్నారు?

ఇక్కడే మన యూరియా సంగతి. వరి తీసుకోని నత్రజని నీళ్లతో పోతుంది. దారిలో శ్రీరాంసాగర్ లాంటి జలాశయాల్లో కొంత ఆగుతుంది, నిజమే. మిగిలింది కిందికి పోతుంది, దారిలో ఇంకెందరి పొలాల నుంచో వచ్చి కలుస్తుంది. దాంతో నాచు పెరుగుతుంది, చచ్చి కుళ్లేటప్పుడు ఆక్సిజన్ తినేస్తుంది. నేల వేడెక్కకుండా ఆపడం నస్రుల్లాబాద్ చేతిలో లేదు. ఆకు రంగు పట్టీ చూసి, యూరియా విడతలుగా వేయడం మాత్రం ఉంది. బస్తాల ఖర్చు కూడా మిగులుతుంది గదా.

మన పని ఇంకోటి. ప్రతి బ్యాచ్‌లో స్మార్ట్ డస్ట్‌బిన్ ప్రాజెక్టులు మస్తు వస్తున్నాయి. ఒక్క టీం అయినా మంజీరలో రాత్రంతా ఆక్సిజన్ కొలిచే యంత్రం పెట్టొచ్చు. సెన్సర్ కొనుక్కోవచ్చు, కోడ్ రాసుకోవచ్చు. నీళ్లలో ఉన్న ప్రోబ్‌కు పాచి పట్టకుండా నెలల తరబడి ఎట్ల ఉంచాలన్నదే అసలు కష్టం. మెకానికల్ వాళ్లు, దీనికి మీరు కావాలి.