ప్రయోగశాలలో ఒక వేసవి, భృతితో సహా

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కే బస్సు ఒకచోట రెండు యుగాల సరిహద్దు దాటుతుంది. కింద ఆర్కియన్ కాలపు గ్రానైటు, దాని మీద పేర్చినట్టుగా ప్రొటెరోజోయిక్ కాలపు క్వార్ట్‌జైటు పొరలు. ఆ రెంటి నడుమ పదుల కోట్ల ఏళ్ల చరిత్ర రాతిలో నమోదే కాలేదు. భూవిజ్ఞానులు దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించిన చోటు అది. రోజూ వేలమంది గోవింద నామం చెప్పుకుంటూ దాని పక్కనుంచే కొండెక్కుతారు. వాళ్లలో బీఎస్సీ చదివే పిల్లలూ ఉంటారు. అక్కడ ఏముందో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. ఇంటర్మీడియట్‌లో భూగర్భశాస్త్రం చెప్పే కాలేజీలు అరుదు. సముద్రశాస్త్రం ఊసైతే అసలే ఉండదు.

చిన్నప్పటినుంచీ లెక్కలు చేసినవాడికి ఇరవై ఏళ్లు వచ్చేసరికి లెక్కలు తనకు నచ్చాయో లేదో తెలిసిపోతుంది. నాలుగు ప్రోగ్రాములు రాసిన అమ్మాయికి ఆ పని తనకు సరిపడుతుందో లేదో అర్థమవుతుంది. సముద్రం అడుగునుంచి తీసిన బురదను ఎన్నడూ తాకని, భూకంప తరంగాన్ని ఎన్నడూ తెర మీద చూడని విద్యార్థి ఆ రంగాన్ని ఏ ధైర్యంతో ఎంచుకుంటాడు? అదితి పంత్ పుణెలో బీఎస్సీ చదువుకుంటున్న రోజుల్లో ఆలిస్టర్ హార్డీ రాసిన ‘ది ఓపెన్ సీ’ అనే పుస్తకం చేతికొచ్చింది. దాంతో ఆమె మనసు సముద్రశాస్త్రం వైపు మళ్లింది. 1983-84లో మూడో భారత అంటార్కిటికా యాత్రకు సుదీప్త సేన్‌గుప్తాతో పాటు ఎంపికై, ఆ యాత్రలకు వెళ్లిన తొలి భారతీయ మహిళా శాస్త్రవేత్తల్లో ఒకరయ్యారు. ఒక పుస్తకం సమయానికి దొరకడం ఆమె అదృష్టం. దేశం తన సముద్ర శాస్త్రవేత్తల కోసం అలాంటి అదృష్టం మీద ఆధారపడి కూర్చోకూడదు.

డిగ్రీ విద్యార్థులకు వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఉన్నది ఇందుకే. అమెరికాలో మసాచుసెట్స్ తీరాన ఉన్న ఊడ్స్ హోల్ సముద్రశాస్త్ర సంస్థ అరవై ఏళ్లకు పైగా వీటిని నడుపుతోంది. పది పన్నెండు వారాల పాటు ఒక శాస్త్రవేత్త దగ్గర పని. విద్యార్థి తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటి విడిగా ఇస్తారు. భృతి ఉంటుంది, బస చూపిస్తారు. చివర్లో తాను చేసినదాన్ని అందరి ముందూ నిలబడి చెప్పాలి. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1987లో ఇదే పద్ధతిని దేశమంతటికీ విస్తరించింది. పరిశోధన వసతులు అంతగా లేని కాలేజీల పిల్లలను వెతికి పిలవడం ఆ పథకం ఉద్దేశాల్లో ఒకటి.

మన దేశంలో ఇలాంటివి లేవని కాదు. బెంగళూరులోని భారత విజ్ఞాన అకాడమీ 1990ల్లో మొదలుపెట్టిన వేసవి ఫెలోషిప్‌లో తర్వాత ఢిల్లీలోని జాతీయ విజ్ఞాన అకాడమీ, ప్రయాగ్‌రాజ్‌లోని మరో అకాడమీ కలిశాయి. రెండు నెలల పని, భృతి, రైలు చార్జీ. భూ, గ్రహ శాస్త్రాలకు ఆ జాబితాలో చోటుంది. కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఉపకారవేతనంలో ఏటా 80 వేల రూపాయలు అందుతాయి. అందులో 20 వేలు వేసవి పరిశోధన ప్రాజెక్టు కోసమే కేటాయించినవి. భూగర్భశాస్త్రం, భూభౌతికశాస్త్రం, వాతావరణ శాస్త్రం, సముద్రశాస్త్రం ఆ పథకం గుర్తించిన సబ్జెక్టులే. పథకాలు ఉన్నా జిల్లా కేంద్రంలో, మండల కేంద్రంలో డిగ్రీ చదివే పిల్లల దాకా అవి చేరడం లేదు. చేరినా అందుకోగలిగే స్థితిలో వాళ్లు లేరు.

ఈ లోటు తెలుగునాట మరింత బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఈ శాస్త్రాలకు ఇక్కడ పునాది గట్టిది. సి.వి. రామన్ దగ్గర పనిచేసిన సి. మహదేవన్ వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. 1952-53లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా అక్కడికే వచ్చారు. నౌకాదళం ఓడలు సమకూర్చింది. వాల్తేరు విద్యార్థులు ఆ ఓడలెక్కి నీటి ఉష్ణోగ్రతలు కొలిచారు, నమూనాలు పట్టారు. తీరం వెంబడి లోతునుంచి చల్లని నీరు పైకి రావడం గురించి లాఫాండ్ రాసిన వ్యాసం 1954లో విశ్వవిద్యాలయం వెలువరించిన సముద్రశాస్త్ర సంపుటంలోనే అచ్చయింది. ఇప్పుడు గోవాలో ఉన్న జాతీయ సముద్రశాస్త్ర సంస్థ పుట్టింది ఆ తర్వాత పన్నెండేళ్లకు, 1966లో. మన తూర్పు తీరానికి దూరంగా, నీటి అడుగున ఖండపు వాలు మీద మూడు లోయలున్నాయి. అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర కాలంలో వాటి వివరాలు ప్రకటిస్తూ లాఫాండ్ పెట్టిన పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. విద్యార్థులను ఓడ ఎక్కించిన విశ్వవిద్యాలయానికి దక్కిన గౌరవం అది.

ఇవాళ హైదరాబాద్ సంగతి చూడండి. ఉప్పల్ రోడ్డులో 1961 నాటి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. ప్రగతినగర్‌లో భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్. 2004 డిసెంబరు నాటి సునామీ తర్వాత హిందూ మహాసముద్రానికంతటికీ హెచ్చరికలు పంపే కేంద్రం 2007లో అక్కడే మొదలైంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు చెప్పే సూచనలూ అక్కడినుంచే వెళ్తాయి. ఇవిగాక జాతీయ దూరసంవేదన కేంద్రం, అణు ఖనిజాల డైరెక్టరేట్, బండ్లగూడలో భూవిజ్ఞాన సర్వేక్షణ వారి శిక్షణ సంస్థ. విశాఖలో గోవా సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇన్‌కాయిస్ ఆవరణలో హిందూ మహాసముద్ర తీర దేశాల వాళ్లకు శిక్షణనిచ్చే అంతర్జాతీయ కేంద్రమూ ఉంది. కెన్యా నుంచి, శ్రీలంక నుంచి వచ్చి నేర్చుకోదగ్గ చోటు అది. నర్సీపట్నం డిగ్రీ విద్యార్థినికి అలాంటిది ఒకటుందని కూడా తెలియకపోవడం ఎవరికి గౌరవం?

“డిగ్రీ పిల్లలు ఎనిమిది వారాల్లో ఏం కనిపెడతారు?” అనేది శాస్త్రవేత్తల్లో తరచూ వినిపించే అభ్యంతరం. వాళ్లకు పని నేర్పడానికే నెల గడిచిపోతుందంటారు. అందులో నిజముంది. అయినా ఆ ఎనిమిది వారాల్లో నిజంగా జరిగే పనిని దగ్గరగా చూస్తే ఆ మాట నిలవదు.

సముద్రం అడుగునుంచి గొట్టంతో తీసిన బురదను సెంటీమీటరు చొప్పున కోస్తారు. ఒక్కో ముక్కనూ 63 మైక్రాన్ల జల్లెడ మీద వేసి, సన్నటి నీటి ధార కింద కడుగుతారు. బంకమట్టి కొట్టుకుపోయి, పంచదార పలుకుల్లాంటి గింజలు మిగులుతాయి. వాటిని ఓవెన్‌లో ఆరబెట్టి, గళ్లు గీసిన నల్లటి పళ్లెంలో చల్లి, సూక్ష్మదర్శిని కింద పెడతారు. అప్పుడు కనిపిస్తాయి ఫొరామినిఫెరాలు. ఒకే కణమున్న జీవులు కట్టుకున్న సున్నపు గూళ్లవి. కొన్ని పింగాణీలా నున్నగా, కొన్ని బుడగల గుత్తుల్లా ఉంటాయి. వేళ్లతో పట్టుకుంటే నలిగిపోతాయి కనుక అతి సన్నని కుంచె మొనను తడిపి, ఒక్కోదాన్ని అంటించి ఎత్తి స్లైడు మీద పెట్టాలి. మొదటి రోజు గంటకు పది తీస్తే గొప్ప. ఆ గూళ్లలోని ఆక్సిజన్ ఐసోటోపులను కొలిస్తే వేల ఏళ్ల కిందటి సముద్రపు వేడి, ఉప్పదనం ఎలా ఉండేవో తెలుస్తుంది. బంగాళాఖాతంలోకి ఆనాడు నదులు ఎంత నీరు తెచ్చాయో, వానాకాలం ఎంత గట్టిగా ఉండేదో అంచనా కట్టవచ్చు. ఈ ఏరివేత యంత్రం మీద వదిలేసే పని కాదు, ఓపికగల కళ్లు కావాలి. రెండు నెలలు ఆ కుంచె పట్టిన అమ్మాయి పరిశోధనకు నికరమైన వస్తువునే అందిస్తుంది. తనకు ఆ పని నచ్చిందో లేదో కూడా తేల్చుకుంటుంది.

ఓడ, జల్లెడ లేకపోయినా జరిగే పనులున్నాయి. ప్రపంచ సముద్రాల్లో దాదాపు నాలుగు వేల ఆర్గో ఫ్లోట్లు తిరుగుతున్నాయి. వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, పైకి వస్తూ దారి పొడవునా ఉష్ణోగ్రతను, ఉప్పదనాన్ని కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. ఆ కొలతలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. హిందూ మహాసముద్రం వరకు వాటిని చూసుకునే కేంద్రం ఇన్‌కాయిసే. ఉత్తర బంగాళాఖాతంలో ఒక ఫ్లోటు జనవరిలో పంపిన అంకెలతో విద్యార్థి గ్రాఫ్ గీశాడనుకుందాం. లోతుకు పోయేకొద్దీ నీరు చల్లబడాలని చదువుకున్నాడు. తీరా గ్రాఫ్‌లో పైన చల్లగా, కొంత కిందికి వెళ్తే వెచ్చగా ఉంది! తప్పు గీశానేమోనని చెరిపి మళ్లీ గీస్తాడు. మళ్లీ అదే వస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి తెచ్చిన మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక. చలికాలంలో చల్లబడినా కిందికి దిగదు, మూతలా పైనే ఉండిపోతుంది. అడుగున ఉన్న వెచ్చటి ఉప్పునీరు అలాగే దాగి ఉంటుంది. పై నీరు కింది నీటితో సులువుగా కలవని ఈ స్వభావం వల్లే తుపాన్లకు బంగాళాఖాతంలో కొన్నిసార్లు వేడి తరగకుండా అందుతూ ఉంటుంది. 1977 నవంబరు ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలు తీసిన దివిసీమ పిల్లలకు, 2014లో హుద్‌హుద్ ఇళ్లమీద విరుచుకుపడిన విశాఖ పిల్లలకు ఇది పరాయి పాఠం కాదు. తన గ్రాఫ్ సరైనదేనని తెలిసిన ఆ మధ్యాహ్నం ఆ విద్యార్థికి శాస్త్రం అంటే ఏమిటో అర్థమవుతుంది.

ఇక డబ్బు సంగతి. ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. మన ప్రయోగశాలలు, విద్యాసంస్థలు చాలావరకు వేసవిలో పిల్లలను చేర్చుకుంటామనే అంటాయి. కాకపోతే భృతి ఉండదని, బస సొంతంగా చూసుకోవాలని ప్రకటన కింద ఒక వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో సగం మంది ఆగిపోతారు. హైదరాబాద్‌లో రెండు నెలల హాస్టలు అద్దె, తిండి, బస్సు పాసు కౌలు రైతు ఇంట్లో చిన్న మొత్తం కాదు. పైగా వేసవి చాలామంది పిల్లలకు నాలుగు రూపాయలు సంపాదించే కాలం. మిర్చి కల్లాల్లో, బట్టల దుకాణాల్లో, ఫంక్షన్ హాళ్లలో పనికి వెళ్తారు. ఆ కూలి వదులుకుని, ఎదురు ఖర్చు పెట్టి వచ్చేవాడే శాస్త్రం మీద నిజమైన ఆసక్తి ఉన్నవాడు అనుకోవడం అన్యాయం. ఆడపిల్లల విషయంలో బస ఇంకా పెద్ద ప్రశ్న. అతిథిగృహంలోనో, విశ్వవిద్యాలయం హాస్టల్లోనో గది చూపిస్తామని ఉత్తరంలో స్పష్టంగా రాస్తే పంపే తండ్రులు, ‘మీరే చూసుకోండి’ అంటే పంపరు.

భృతి ఎంతవుతుంది? నెలకు 15 వేల చొప్పున రెండు నెలలకు 30 వేలు. బసకు, ప్రయాణానికి మరో పదివేలు. వందమంది విద్యార్థులకు కలిపి 40 లక్షలు. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్‌కు అనుకున్న వ్యయం 4,077 కోట్లు. మనుషులను ఆరు వేల మీటర్ల లోతుకు దింపే జలాంతర్గామి వాహనం ఆ మిషన్‌లో భాగం. ఆ వాహనం తెచ్చే రాళ్లను, బురదను, అంకెలను పదేళ్ల తర్వాత చదవాల్సినవాళ్లు ఇప్పుడు డిగ్రీ మొదటి, రెండో సంవత్సరాల్లో ఉన్నారు.

ఆంధ్రప్రదేశ్‌కైతే ఇందుకు తలుపు సగం తెరిచే ఉంది. 2020-21 నుంచి డిగ్రీ కోర్సుల్లో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. ఆలోచన మంచిది. ఆచరణలో చాలాచోట్ల ఎక్కడో ఒకచోట సర్టిఫికెట్ తెచ్చి ఫైల్లో పెట్టే తంతుగా మారింది. తోవ చూపే సంస్థలు దగ్గర్లో లేక పిల్లలు ఏం చేస్తారు పాపం? ఆ నెలల్లో రెండింటిని విశాఖ, హైదరాబాద్ ప్రయోగశాలలతో ముడిపెట్టి, క్రెడిట్లు అక్కడి పనికే ఇస్తే కొత్త చట్టమేదీ అక్కర్లేదు. ఉన్నత విద్యా మండలి, ఆ సంస్థలు కూర్చుని ఒక ఒప్పందం రాసుకుంటే చాలు. తెలంగాణకూ ఇదే మాట వర్తిస్తుంది. ఉస్మానియాలో భూగర్భ, భూభౌతిక శాస్త్ర విభాగాలున్నాయి, పెద్ద సంస్థలన్నీ బస్సు దూరంలోనే ఉన్నాయి.

ఎంపిక పద్ధతి కూడా మారాలి. దరఖాస్తులో అడిగే చిన్న వ్యాసం దగ్గర, అధ్యాపకుడి సిఫారసు లేఖ దగ్గర చాలామంది ఆగిపోతారు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడు ఆలోచన ఉండి కూడా ఇంగ్లిషు వాక్యానికి భయపడతాడు. ఆ వ్యాసాన్ని తెలుగులో రాయనిచ్చి, పది నిమిషాలు ఫోన్లో మాట్లాడి ఎంచుకుంటే పోయేదేమీ లేదు. మార్కులను గీటురాయిగా పెట్టుకుంటే పేరున్న కాలేజీల పిల్లలకే మళ్లీ మళ్లీ అవకాశం వస్తుంది. సగం సీట్లు పీజీ విభాగాలు, పరిశోధన వసతులు లేని కాలేజీలకు కేటాయించాలి. సెమిస్టర్ పరీక్షలు మే నెలాఖరు దాకా, జూన్ దాకా జారిపోతే ఏ ఫెలోషిప్ వచ్చినా విద్యార్థి వదులుకోవాల్సిందే. కాబట్టి విశ్వవిద్యాలయాలు క్యాలెండరు మీద మాట నిలబెట్టుకోవాలి.

మొదటి జట్టుకు పని ఎక్కడో వెతకనక్కర్లేదు. కాకినాడ పక్కన ఉప్పాడలో ఇళ్లు, రోడ్డు ఏళ్ల తరబడి సముద్రంలో కలిసిపోతున్నాయి. ఎగువన ఆనకట్టలు కట్టాక గోదావరి డెల్టాకు చేరే ఒండ్రు తగ్గిందని, తీరం కోతకు గురవుతోందని ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఇప్పటికే రాశారు. ఒక వేసవి పొడవునా వారం వారం ఆ తీరరేఖను కొలిచి, పాత ఉపగ్రహ చిత్రాలతో పోల్చే పనికి ఒక జీపీఎస్ పరికరం, ఒక ల్యాప్‌టాప్, ఇద్దరు విద్యార్థులు, వాళ్ల లెక్కలు సరిచూసే శాస్త్రవేత్త ఒకరు కావాలి. ఆ ఇద్దరూ కాకినాడ, పిఠాపురం డిగ్రీ కాలేజీల నుంచే రావచ్చు. ఉదయం బస్సెక్కితే ఎండ ముదిరేలోపు కొలతలు ముగించుకుని వెనక్కి రావచ్చు. అకాడమీల దరఖాస్తులు ఏటా చలికాలం మొదట్లోనే అడుగుతారు. వచ్చే వేసవికి పిల్లలను పంపాలంటే ప్రతి డిగ్రీ కాలేజీలోనూ ఒక అధ్యాపకుడికి ఈ పని దసరా సెలవులకు ముందే అప్పగించాలి.